బీబీ నాంచారమ్మ: తారీఖులో లేని బేటీ, గుడిలో ఉన్న కోడలు

ఉగాది నాడు దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ముందు పొద్దున్నే వరస మొదలవుతుంది. ఆ వరసలో బురఖాలు కనిపిస్తాయి, టోపీలు కనిపిస్తాయి. చంకన పిల్లలు, చేతిలో కొబ్బరికాయ, పూలు, బెల్లం. బయటి ఊళ్ళ వాళ్ళు చూసి అబ్బురపడతారు. ఫోటోలు తీస్తారు. మర్నాడు పేపర్లో "వెల్లివిరిసిన మతసామరస్యం" అని హెడ్డింగ్ వస్తుంది. కడప వాళ్ళకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. ఎందుకు వచ్చారమ్మా అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తారు: ఇది మా పిల్లనిచ్చిన ఇల్లు.

మా నానీది కడప. దేవుని కడప మాట వస్తే ఆమె దఖ్నీలో "హమారే దామాద్ కా ఘర్" అనేది. మన అల్లుడి ఇల్లు. వేంకటేశ్వరుడిని ఆమె నోట ఏ రోజూ దేవుడని వినలేదు. ఐదు పూటలా నమాజు చదివే మనిషి. దేవుడంటే ఆమెకు ఒక్క అల్లాయే. కొండమీది ఆయన మాత్రం దామాద్. ఈ రెండిటి మధ్య ఆమెకు ఎక్కడా పేచీ కనిపించలేదు. ఇప్పుడు చాలామందికి కనిపిస్తోంది. అందుకే ఈ కిస్సా ఎక్కడ పుట్టింది, ఏ దారిన కడప చేరింది, అందులో తారీఖు ఎంత, అఫ్సానా ఎంత అని కొన్నేళ్ళుగా వెతుకుతూ వచ్చాను.

ముందు ఆ పేరు చూడండి. బీబీ నాంచారమ్మ. బీబీ అంటే మన ఇళ్ళలో ఇజ్జత్ గల ఆడమనిషి. ఫాతిమా బీ, ఖాదర్ బీ అని ఇప్పటికీ పిలుస్తాం. నాంచారి అనేది తమిళ "నాచ్చియార్". అంటే దొరసాని, అమ్మవారు. శ్రీవైష్ణవులు విష్ణువు దేవేరులందరినీ నాచ్చియార్ అనే అంటారు. ఆండాళ్ పాశురాల పేరులో కూడా ఆ మాట ఉంది. చివర తగిలించిన "అమ్మ" మన తెలుగు. ఫార్సీ నుంచి వచ్చిన మాట ఒకటి, తమిళం ఒకటి, తెలుగు ఒకటి, మూడూ కలిసి ఒక మనిషి పేరయ్యాయి. శ్రీరంగంలో ఆమెనే "తులుక్క నాచ్చియార్" అంటారు. తురక దొరసాని అని అర్థం. అక్కడే ఆమెకు "సురతాని" అని ఇంకో పేరుంది. సుల్తాను అన్న మాట తమిళ నాలుక మీద అలా అరిగింది.

కిస్సా పుట్టిల్లు శ్రీరంగమే. అక్కడి గుడికి "కోయిల్ ఒళుగు" అని తరతరాలుగా రాసుకొచ్చిన ఒక దఫ్తరు ఉంది. అందులో ఈ కథ ఇలా నడుస్తుంది.

ఢిల్లీ ఫౌజు శ్రీరంగం మీద పడింది. గుడిలోని ఉత్సవమూర్తిని, అంటే ఊరేగింపుకు తీసుకెళ్ళే లోహవిగ్రహాన్ని, మిగతా లూటీ మాలుతోపాటు ఢిల్లీకి పట్టుకుపోయారు. శ్రీరంగం పక్కన కరంబనూరు అనే ఊళ్ళో ఒకామె ఉండేది. రోజూ స్వామిని చూడనిదే అన్నం ముట్టదు. ఆమె ఆ ఫౌజు వెనకే నడుచుకుంటూ ఢిల్లీ దాకా పోయింది. దర్బారులో ఆరా తీసింది. విగ్రహాన్ని ఖజానా గదిలో పడేశారనీ, సుల్తాను కూతురు దాన్ని చూసి ముచ్చటపడి ఆడుకోవడానికి తన మహల్లోకి తీసుకుపోయిందనీ తెలుసుకుంది. పగలంతా షహజాదీ దానికి నీళ్ళు పోస్తుంది, బట్టలు కడుతుంది, పక్కన పడుకోబెట్టుకుంటుంది. రాత్రయితే ఆ బొమ్మ నిజం మనిషై ఆమెతో ఉంటాడు. కరంబనూరామె తిరిగొచ్చి ఈ ఖబరు చెప్పింది. గుడిలో పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు గుడికి తాళం వేసి ఢిల్లీ బయల్దేరారు. సుల్తాను ముందు ఆడారు, పాడారు. ఆయన ఖుషీ అయి సొమ్ములు ఇవ్వబోతే వద్దన్నారు. మా స్వామిని మాకివ్వండి చాలన్నారు. తీసుకోండి అన్నాడు. షహజాదీ నిద్రపోతుండగా విగ్రహాన్ని ఎత్తుకుని బయటపడ్డారు.

పొద్దున లేచి చూస్తే పక్కన స్వామి లేడు. పిల్ల తిండి మానేసింది. తండ్రి బెంబేలెత్తి ఫౌజును వెనక పంపాడు. షహజాదీ కూడా వెంట బయల్దేరింది. వెనక గుర్రాలు వస్తున్నాయని తెలిసి విగ్రహం మోసేవాళ్ళు దారి మార్చి తిరుమల కొండల్లో దాక్కున్నారు. ఈ కథ మన నేల మీద కాలు పెట్టింది ఇక్కడే. షహజాదీ నేరుగా శ్రీరంగం చేరింది. గుడికి తాళం. లోపల స్వామి లేడు. ఆ గడప దగ్గరే ప్రాణం విడిచింది. చాలా ఏళ్ళకు స్వామి తిరిగొచ్చాక ఆమెకు గుడిలో చోటిచ్చారు.

ఇప్పుడు తారీఖు సంగతి. అలావుద్దీన్ ఖిల్జీ సేనాని మలిక్ కాఫూర్ 1311లో తమిళ దేశం మీదకు వచ్చాడు. ఇందులో శక్ లేదు. అమీర్ ఖుస్రో ఆ దండయాత్రను "ఖజాయినుల్ ఫుతూహ్"లో వర్ణించాడు. జియావుద్దీన్ బర్నీ లూటీ లెక్క రాశాడు: 612 ఏనుగులు, 20,000 గుర్రాలు, బంగారం మణుగుల్లో. బర్నీ లెక్కల్ని ఉన్నదున్నట్టు నమ్మక్కర్లేదు కానీ లూటీ జరిగిందన్నది ఖాయం. తర్వాత 1323లో తుగ్లక్ షహజాదా ఉలుగ్ ఖాన్ ఫౌజు వచ్చింది. మన ఓరుగల్లును ముగించినవాడు అతనే. ఆ తర్వాత మధురలో కొన్ని దశాబ్దాలు సుల్తానులు కూచున్నారు. విజయనగర రాకుమారుడు కంపణ వాళ్ళను దించాడు. కంపణ భార్య గంగాదేవి సంస్కృతంలో "మధురావిజయం" రాసింది. పాడుబడ్డ గుళ్ళ గురించి అందులో ఆమె రాసిన తీరు చదివితే ఆ జమానా గాయం ఎంత పచ్చిగా ఉందో తెలుస్తుంది. 1371లో కంపణ కొలువులోని గోపన్న విగ్రహాన్ని తిరుమల నుంచి చెంజి మీదుగా తెచ్చి శ్రీరంగంలో మళ్ళీ నిలిపాడు. ఆ సంగతి అక్కడి గోడ మీద శాసనంగా ఉంది. తిరుమల గుడిలో రంగనాయకుల మండపం ఇప్పటికీ ఉంది. శ్రీరంగం స్వామి తలదాచుకున్నది అక్కడేనని చెబుతారు.

అంటే ఫౌజు నిజం, లూటీ నిజం, విగ్రహం తిరుమలకు పారిపోవడం నిజం, తిరిగి రావడం నిజం. షహజాదీ? ఖుస్రో రాతల్లో లేదు, బర్నీ రాతల్లో లేదు. ఢిల్లీ దర్బారు రాతగాళ్ళకు సుల్తాను కూతురు గడప దాటి దక్షిణాదికి వచ్చి చచ్చిపోయిందన్న ఖబరు చిన్నదేమీ కాదు. జరిగి ఉంటే ఎవరో ఒకరు రాసేవారు. అలాంటి బేటీ ఒకతె ఉందని నమ్మడానికి నాకు ఆధారం ఏదీ దొరకలేదు.

మేల్కోటకు వెళితే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. కర్ణాటకలోని ఆ కొండమీద చెలువనారాయణస్వామికి కూడా ఢిల్లీ షహజాదీ ఉంది. పేరు బీబీ నాచ్చియార్. అక్కడి కథలో ఢిల్లీ వెళ్ళి విగ్రహాన్ని తెచ్చినవాడు సాక్షాత్తూ రామానుజాచార్యుడు. ఆయన "రారా, నా చెల్లప్పిళ్ళా" అని పిలిస్తే విగ్రహం గజ్జెలు మోగించుకుంటూ నడిచొచ్చి ఒళ్ళో కూచుందట. వినడానికి మహా మజాగా ఉంటుంది. కానీ రామానుజుడి కాలం సంప్రదాయం లెక్కన 1017 నుంచి 1137. ఢిల్లీలో సుల్తానుల గద్దె మొదలైంది 1206లో. రామానుజుడు బతికున్నన్నాళ్ళూ ఢిల్లీలో సుల్తానూ లేడు, ఆయనకో కూతురూ లేదు. పధ్నాలుగో శతాబ్దపు గాయాన్ని తీసుకెళ్ళి పన్నెండో శతాబ్దపు ఆచార్యుడి చేత మాన్పించారన్నమాట.

ఇక్కడితో ఆపేసి "అంతా కట్టుకథ" అని చేతులు దులుపుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు. నాకు మాత్రం అసలు సవాలు ఇక్కడే మొదలైంది. లేని పిల్లను గుడి ఎందుకు కన్నది? దోచుకుపోయినవాడి కూతుర్ని తెచ్చి, ఇంట్లో పెట్టుకుని, పేరుపెట్టి, నైవేద్యం పెట్టాల్సిన జరూరత్ ఏమొచ్చింది?

మేల్కోట కథలోనే ఒక తాళంచెవి ఉంది. రామానుజుడు ఢిల్లీ నుంచి విగ్రహం తెస్తుంటే దారిలో దొంగలు అడ్డం పడ్డారనీ, అప్పుడు అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన జనం వచ్చి కాపాడారనీ చెబుతారు. ఆ మేలుకు ఆయన వాళ్ళకు "తిరుక్కులత్తార్", అంటే పవిత్ర కులంవాళ్ళు, అని పేరిచ్చి ఏడాదిలో మూడు రోజులు గుడిలోకి రానిచ్చాడట. గాంధీ పుట్టకముందు, ఆలయప్రవేశ చట్టాలు రాకముందు, తక్కిన దక్షిణదేశంలో వాళ్ళ నీడను కూడా గుడివైపు రానివ్వని రోజుల్లో మేల్కోటలో వాళ్ళు లోపలికి వెళ్ళారు. ఏ హక్కుతో వెళ్ళారు? ఈ కిస్సా ఇచ్చిన హక్కుతోనే. ఏడాదికి మూడు రోజులే ఏమిటి, మిగతా రోజుల మాటేమిటి అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. కానీ కాగితం మీద దస్తావేజు లేని జనానికి ఒక కిస్సాయే దస్తావేజుగా పనిచేసిందన్నది నేను మర్చిపోలేను. బీబీ నాంచారమ్మను కూడా నేను అలా చదవడం మొదలుపెట్టాను.

అయితే ఈ దస్తావేజులో ఒక మెలిక ఉంది, దాచిపెట్టడం మంచిది కాదు. పాత జమానాలో పిల్లనివ్వడం అంటే తల వంచడం. ఓడినవాడు గెలిచినవాడి ఇంటికి బేటీని పంపేవాడు. 1406 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా విజయనగర దేవరాయల కూతుర్ని నికా చేసుకున్నాడని ఫరిష్తా రాశాడు. ఊరేగింపు ఘనంగా జరిగిందట. తిరుగు ప్రయాణంలో దేవరాయలు మామగారి హోదాలో అల్లుణ్ణి అనుకున్నంత దూరం సాగనంపకుండా మధ్యలోనే వెనక్కి మళ్ళాడని ఫిరోజ్ షా మనసులో పెట్టుకున్నాడు. నాలుగు అడుగులు తక్కువ వేసినందుకు రెండు రాజ్యాల మధ్య కక్ష రగిలింది. పెళ్ళి ఊరేగింపులో కూడా ఎవరు పైన, ఎవరు కింద అనే లెక్క సాగుతూనే ఉంటుంది.

ఆ లెక్కలో చూస్తే శ్రీరంగం కథ చేసిన పని స్పష్టం. మీదికొచ్చి దోచుకున్న సుల్తాను చివరికి కూతుర్నే పోగొట్టుకున్నాడు. అతని కత్తి గెలిచింది, అతని రక్తం మాత్రం మా స్వామి పాదాల దగ్గర పడి ఉంది, అని గుడి చెప్పుకుంది. ఇలా చెప్పుకున్నది శ్రీరంగం ఒక్కటే కాదు. రాజస్థాన్ జాలోరు కోట పతనం మీద పద్మనాభుడు 1455లో రాసిన "కాన్హడదే ప్రబంధం"లో అలావుద్దీన్ ఖిల్జీ కూతురు పిరోజా శత్రువైన రాజపుత్ర యువరాజును ప్రేమిస్తుంది. అతను చచ్చిపోతే తానూ బతకదు. జాలోరుకూ శ్రీరంగానికీ మధ్య ఎంత దూరం! గాయం చేసిన సుల్తాను మాత్రం ఒకడే, గాయానికి పూసిన మందు కూడా ఒకటే. కత్తితో ఓడినవాళ్ళు కవిత్వంలో ఆ కత్తివాడి ఇంటి పిల్లను గెలుచుకున్నారు. పిల్లలు అటు నుంచే వస్తారు, ఇటు నుంచి వెళ్ళరు. ఈ సంగతి తెలియనట్టు నటించి "ఆహా, సామరస్యం" అనడం నాకు చేతకాదు.

మరి కడప ముసల్మానులు ఈ కథను అవమానంగా ఎందుకు తీసుకోలేదు? ఢిల్లీ సుల్తాను ఓటమి కథను తమ ఇంటి పెళ్ళి కథగా ఎలా మార్చుకున్నారు?

జవాబు ఢిల్లీలో దొరకదు, మన కొండల్లో దొరుకుతుంది. మన దక్కన్ దేవుళ్ళకు రెండో పెళ్ళి అలవాటు. అహోబిలం నరసింహస్వామి లక్ష్మీదేవి ఉండగానే చెంచుల పిల్లను కట్టుకున్నాడు. అందుకే కనుమతో మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకి వారాల తరబడి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతుంది, పెళ్ళికి రమ్మని పిలుస్తుంది. చెంచులు పల్లకి మీదికి బాణాలు వేస్తారు. అల్లుడితో మేలమాడే హక్కు అత్తవారికి కాక ఎవరికుంటుంది? కొమురవెల్లి మల్లన్నకు ఒక పక్క బలిజ మేడలమ్మ, ఇంకో పక్క గొల్ల కేతమ్మ. మహారాష్ట్రలో మల్లన్నకు అన్నలాంటి ఖండోబాకు ఏకంగా ఐదుగురు. లింగాయతుల పిల్ల, ధనగర్ల పిల్ల, దర్జీల పిల్ల, తోటమాలుల పిల్ల, గానుగవాళ్ళ పిల్ల. ఈ ఐదో ఆమె చందాయిని అక్కడి ముసల్మానులు తమ పిల్లే అంటారు. ఖండోబాను వాళ్ళు మల్లూఖాన్ అని పిలుస్తారు.

ఈ పెళ్ళిళ్ళలో గెలుపోటముల గొడవ లేదు. ఒక కులం ఒక ఊరి దేవుడి దగ్గరికి వెళ్ళాలంటే ఏదో ఒక వరస కావాలి. ఊరికే భక్తుడినంటే గడప బయట నిలబెడతారు. సమ్ధీనంటే, వియ్యంకుడినంటే, చాప వేయక తప్పదు. పిల్లనిచ్చినవాళ్ళకు ఆ ఇంట్లో మర్యాద ఉంటుంది, అలిగే హక్కు ఉంటుంది, పండక్కి పిలవలేదేమని నిలదీసే హక్కు కూడా ఉంటుంది. శ్రీరంగం పండితులు రాసిన కథ కొండలు దాటి కడప చేరేసరికి చెంచులక్ష్మి కథ పక్కన కూచుంది. అక్కడి జనం దాన్ని తమ పద్ధతిలో చదువుకున్నారు. సుల్తాను ఎవడు, ఏ ఢిల్లీ, ఏ సన్, ఎవరికీ పట్టలేదు. పిల్ల మనది, అల్లుడు ఆయన. బస్.

కడపే ఎందుకంటే, తిరుమలకు ఉత్తరం నుంచి వచ్చే యాత్రికులకు ఆ ఊరు గడప. ఊరి పేరుకు అదే మూలమంటారు. ముందు ఇక్కడి స్వామిని చూసి ఆ తర్వాత కొండ ఎక్కాలన్నది పాత ఆనవాయితీ. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక అక్కడికి దగ్గరే. ఆయన కడపరాయుడి మీద కీర్తనలు కట్టాడు. తర్వాతి కాలంలో అదే కడపను మయానా పఠాన్ నవాబులు ఏలారు, 1779లో హైదర్ అలీ వచ్చి వాళ్ళ పాలన ముగించేదాకా. అంటే స్వామి గడప మీదే ముసల్మానుల బస్తీలు పెరిగాయి. అదే ఊళ్ళో అమీన్ పీర్ పెద్ద దర్గా ఉంది. ఉరుసుకు అక్కడికి వచ్చే హిందువులను చూడండి, ఎవరూ వింతగా చెప్పుకోరు. రాయలసీమలో మస్తానమ్మ, దస్తగిరయ్య, హుస్సేనప్ప, ఫకీరప్ప అనే పేర్లున్న హిందూ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. పీర్లపండుగకు అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప స్వామి ముందు నిప్పులు తొక్కే జనంలో ముసల్మానులను వెతుక్కోవాలి. రాకపోకలు రెండు వైపులా ఉన్న నేల అది.

కొండమీద కూడా మనవాళ్ళ జాడ ఉంది, అన్నీ తీపి జాడలు కావు. ఆర్కాటు నవాబులు తిరుమల ఆదాయాన్ని ఇజారాకిచ్చి డబ్బు గుంజుకున్నారు. 1801లో కంపెనీ చేతికి పోయినప్పుడు వాళ్ళ నుంచి వచ్చిన అలవాటే కంపెనీ కొనసాగించింది. మరోపక్క తిరుమలలో ప్రతి మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధనలో వాడే 108 బంగారు పూలు గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసల్మాను భక్తుడు ఇచ్చినవని చెబుతారు. ఒకే కొండకు ఒక జమానాలో మనవాళ్ళు సొమ్ము పిండుకునే మాలిక్కులు, ఇంకో జమానాలో నజరానా పట్టుకొచ్చిన మామలు.

నానీ ఇంట్లో ఉగాది నాడు గోష్ట్ వండేవారు కాదు. కొబ్బరికాయతోపాటు బియ్యం, కందిపప్పు, చింతపండు, బెల్లం సంచిలో కట్టుకుని గుడికి వెళ్ళేది. మొక్కు తీర్చుకునేవాళ్ళు వంటసామాను ఎందుకు మోస్తారని చిన్నప్పుడు ఆశ్చర్యంగా ఉండేది. పెద్దయ్యాక పుట్టింటివాళ్ళు కూతురి ఇంటికి సారె మోసుకెళ్ళడం చూస్తే అర్థమైంది. పండగపూట మైకా నుంచి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. పిల్ల అత్తారింట్లో చిన్నబోతుంది. నానీ పూజకు పోలేదు, బేటీని చూడ్డానికి పోయింది. అక్కడ ఇచ్చిన ప్రసాదాన్ని తబర్రుక్ అని కళ్ళకద్దుకుని పంచేది.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఏతరాజ్ వస్తోంది. మా వైపు మౌల్వీ సాహెబులు కొందరు ఇది షిర్క్ అంటారు. దీన్ ప్రకారం వాళ్ళ మాట తప్పని నేననను. విగ్రహం ముందు సజ్దా చేస్తే షిర్కే, అందులో వాదన లేదు. నేను వెళ్ళినా తల వంచను, చేతులు కట్టుకుని నిలబడతాను. కానీ నానీ చేసింది ఇబాదతా, రిష్తేదారీయా అని ఒక్క నిమిషం ఆగి అడిగిన మౌల్వీని నేను చూడలేదు. ఆ సంచిలోని చింతపండు ఏ ఇబాదత్‌కు పనికొస్తుంది?

ఆ వైపు నుంచి వచ్చేవాళ్ళ దలీలు వేరు. బీబీ నాంచారి అన్నదే లేదు, ఆమె భూదేవి అంశ, తురక పిల్ల అన్నది తర్వాత ఎవరో అతికించారు, చరిత్రలో ఆధారం చూపండి అంటారు. చరిత్రలో ఆధారం లేదని పైన నేనే రాశాను. కానీ ఆ కొలత అన్ని కథలకూ ఒకేలా పెట్టాలి కదా. చెంచులక్ష్మికి ఏ శాసనం ఉంది? కృపాచార్యుడు దేవుని కడపలో స్వామిని ప్రతిష్ఠించాడంటారు, దానికి ఏ సన్ వేస్తారు? వాటిని ఎవరూ అడగరు, అడగక్కర్లేదు కూడా. ఒక్క నాంచారమ్మనే కటకటాల ముందు నిలబెట్టి కాగితాలు చూపమంటున్నారు. తిరుమలలో అన్యమతస్తులు దర్శనానికి ముందు స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ ఇవ్వాలన్న నియమం ఉంది. నియమం సంగతి దేవస్థానం చూసుకుంటుంది. నాకు ఊరికే తోచేదేమిటంటే, దామాద్ ఇంటికి పోయిన నానీని ఆ కాగితంలో ఏ గడిలో రాయాలి? ఆమె విశ్వాసి కాదు, పరాయిదీ కాదు.

తులుక్క నాచ్చియార్ గురించి నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి నిలబెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. మిగతా పెళ్ళి కథల్లో వచ్చిన పిల్ల మారుతుంది. పేరు మారుతుంది, బట్ట మారుతుంది, వంట మారుతుంది. శ్రీరంగం కథలో ఎవరూ ఆమెను మతం మారమనలేదు. ఆమె చివరిదాకా తులుక్క పిల్లగానే ఉండిపోయింది. పేరులోంచి సుల్తాను పోలేదు, బీబీ పోలేదు. ఆమె సన్నిధిలో విగ్రహం లేదు, గోడ మీద చిత్తరువు మాత్రమే ఉంది. ముసల్మానులు విగ్రహాన్ని ఒప్పరు కాబట్టి అలా ఉంచారని అక్కడివాళ్ళే చెబుతారు. ఏడువందల ఏళ్ళ కింద గుడి దోచిన ఫౌజు వాళ్ళ దీన్‌కు అదే గుడి లోపల ఇంత లిహాజ్!

మారినవాడు స్వామి. పులిహోర, దద్ధోజనం తినే రంగనాథుడికి ఆమె కోసం గోధుమ రొట్టెలు కాల్చి, మీద వెన్న పెట్టి నైవేద్యం పెడతారు. ఆమె సన్నిధికి వచ్చే వేళకు పట్టుపంచె తీసి లుంగీ కడతారు. కావేరి ఒడ్డున, వరి తప్ప ఇంకోటి పండని నేల మీద, ఆ మడపల్లిలో రొట్టెల పెనం వేడెక్కుతూనే ఉంది.